చుక్కలు గుర్తుపట్టడం నేర్చుకున్నాను: దేవరకొండ పక్క మా ఊళ్లో ఒక ఏడాది

2024 దసరాకు తల్లిగారింటికి వెళ్లేసరికి అందరి ఫోన్లలో తోకచుక్క ఫొటోలే. సుచిన్షాన్–అట్లాస్ అని దాని పేరు. అక్టోబర్ 12న భూమికి దగ్గరగా వచ్చింది, పొద్దుగూకాక పడమర కనిపిస్తుంది అని వార్తలు. మా ఊరు దేవరకొండ దాటి చందంపేట వైపు ఉంటుంది. 14న సాయంత్రం డాబా ఎక్కి పడమర తిరిగి నిల్చున్నాను. ఎడమ పక్క బాగా మెరిసే చుక్క ఒకటి, కుడి పక్క ఇంకొకటి. "శుక్రుడికీ స్వాతికీ మధ్యలో వెతకండి" అని ఎక్కడో చదివాను. ఈ రెండిట్లో శుక్రుడు ఏది, స్వాతి ఏది? నేను హైస్కూల్లో తెలుగు టీచర్‌ని. ముత్యపు చిప్పలో పడే స్వాతి చినుకు గురించి పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. ఆ స్వాతి ఆకాశంలో ఏ మూల ఉంటుందో మాత్రం ఎప్పుడూ చూడలేదు.

ఏడు దాటాక చీకటి పడింది. వెన్నెల ఉన్నా ఆ రెండు చుక్కల మధ్య, కుడివైపుకు కాస్త దగ్గరగా, పైకి లేచిన తెల్లటి చార కనిపించింది. నేరుగా చూస్తే పోతుంది, చూపు కొంచెం పక్కకు తిప్పితే మళ్లీ వస్తుంది. అరగంటలో కిందికి దిగిపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒక్క ఏడాది పాటు ఆకాశాన్ని పట్టుకుని ఉందాం, ఏ చుక్క ఎక్కడుందో తెలుసుకుందాం అనుకున్నాను. ఇప్పుడు ఏడాది దాటింది. మన నల్లగొండ జిల్లాలో ఈ పని మొదలుపెట్టాలనుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

టెలిస్కోప్ కొందామనే ఆత్రం నాకూ ఉండింది. మా స్కూల్లో ఫిజిక్స్ చెప్పే సార్ ఆపారు. "మేడమ్, ముందు ఆరు నెలలు ఉత్త కళ్లతో చూడండి. ఏది ఎక్కడుందో తెలియకుండా టెలిస్కోప్ కొంటే అది అటక మీదికి పోతుంది" అన్నారు. ఆయన మాట వినడం వల్ల నాకు కనీసం పాతిక వేలు మిగిలాయి. 10×50 బైనాక్యులర్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను, 6,400 రూపాయలు. 10 అంటే పది రెట్లు దగ్గరగా చూపిస్తుందని, 50 అంటే ముందు అద్దం యాభై మిల్లీమీటర్లని అర్థం. ఏ చుక్క ఎక్కడుందో చూపించే స్టెల్లేరియం యాప్ ఉచితం. టార్చిలైటుకు చుట్టుకోవడానికి ఎర్ర గ్లాస్ పేపర్ పది రూపాయలు. మహాలక్ష్మి పథకం ఉంది కాబట్టి నేనుండే నల్లగొండ నుంచి ఊరికి బస్సు ఖర్చు లేదు. అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చింది మాత్రం వంటింట్లో మేకుకు వేలాడే తెలుగు క్యాలెండర్. అమావాస్య ఎప్పుడు, ఆ దగ్గరి శనివారం ఏ తేదీ, అది చూసి గుండ్రం చుట్టుకుంటే ఏడాది టైమ్‌టేబుల్ తయారైపోతుంది. ఉద్యోగం చేసేవాళ్లకు నెలకు రెండు మూడు చీకటి రాత్రులకు మించి దొరకవు, అందులో ఒకటి మబ్బు తినేస్తుంది.

మొదటి రాత్రి నవంబర్ 2, దీపావళి అమావాస్య మర్నాడు. ఊళ్లో డాబా ఎక్కాక అర్థమైంది, అసలు సమస్య ఇంటి ముందు కరెంటు స్తంభానికి ఉన్న ఎల్‌ఈడీ బల్బు అని. తెల్లగా కళ్లలోకి పొడుస్తుంది. డాబా మీద నీళ్ల ట్యాంకు చాటుకు వెళ్లి, బల్బు కనపడకుండా మంచం వేసుకున్నాను. కళ్లు చీకటికి అలవాటు పడడానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. ఈ మధ్యలో ఒక్కసారి ఫోన్ తెరిస్తే మళ్లీ మొదటికొస్తుంది. యాప్‌లో రాత్రి కోసం ఎర్ర తెర ఉంటుంది, అది పెట్టుకోవాలి. అయినా నేను ఇంట్లోనే యాప్‌లో చూసి, కాగితం మీద గీసుకుని పైకి వెళ్లడానికే అలవాటు పడ్డాను.

బాపు వెంట వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, ఇప్పటికీ బత్తాయి తోటకు నీళ్లు తనే పెడతాడు. తూర్పున గుంపుగా మిణుకుమనే చుక్కలు చూపించి "అగో, పిల్లలకోడి" అన్నాడు. నా కాగితం మీద అది కృత్తిక. "కార్తీకంల గది నడినెత్తికొస్తే నడిజాము అయినట్టు బిడ్డా. మోట కొట్టే రోజులల్ల మాకు గడియారం గదే" అన్నాడు. తర్వాత లెక్క చూసుకుంటే సరిగ్గా సరిపోయింది. నవంబర్ నడుమ కృత్తిక అర్ధరాత్రి ప్రాంతంలోనే నడినెత్తికి వస్తుంది. నాకు యాప్ చెప్పేది బాపుకు ఎప్పటినుంచో తెలుసు. ఆ రాత్రి నాకు కలిగిన సంతోషం ఎంతని చెప్పను! నేర్పేవాళ్లు ఎవరూ లేరనుకుని వచ్చాను, ఇంట్లోనే ఉన్నారు.

పది గంటలకు తూర్పున వేటగాడు లేచాడు. పుస్తకాల్లో ఓరియన్ బొమ్మ నిలువుగా నిలబడి ఉంటుంది. మనకు అలా లేవదు, పక్కకు ఒరిగి లేస్తుంది. నడుము దగ్గరి మూడు చుక్కలు ఒకదాని కింద ఒకటి నిలువు గీతలా కనిపిస్తాయి. ఈ ఒక్క సంగతి తెలియకపోతే బొమ్మ చేతిలో ఉన్నా ఎదుట ఉన్నదాన్ని గుర్తుపట్టలేం. ఆ మూడు చుక్కల గీతను పైకి పొడిగిస్తే ఎర్రగా రోహిణి, ఇంకా పైకి వెళ్తే కృత్తిక. కిందికి పొడిగిస్తే రాత్రి గడిచాక సిరియస్ లేస్తుంది, ఆకాశంలో అన్నిటికన్నా ప్రకాశమైన నక్షత్రం అదే. చుక్కల్లో దారి పట్టడం అంటే ఇంతే. తెలిసిన చుక్క నుంచి తెలియని చుక్కకు గీత గీసుకుంటూ పోవడం.

దూరాలు కొలవడానికి చెయ్యి చాలు. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఆకాశంలో దాదాపు పది డిగ్రీలు. ధ్రువ నక్షత్రం నేల అంచు నుంచి ఎంత ఎత్తులో ఉంటుందో అదే మన ఊరి అక్షాంశం. మన దగ్గర పదహారు, పదిహేడు డిగ్రీలు, అంటే ఒకటిన్నర పిడికిలి. ధ్రువుడు చాలా వెలుగుతాడని అందరూ అనుకుంటారు. మామూలు చుక్క అది. మా ఊళ్లో ఉత్తరాన దేవరకొండ లైట్ల వెలుతురు ఉండడంతో మొదటిసారి దాన్ని తేల్చుకోవడానికి చాలాసేపు పట్టింది. పక్క చుక్కలన్నీ జరిగిపోయినా అది జరగలేదని రెండు గంటల తర్వాత చూసి నిర్ధారించుకున్నాను.

నవంబర్ 15 కార్తీక పౌర్ణమి. వెన్నెల్లో చుక్కలు కనపడవని ఆ రోజు చూసే ఆలోచన లేదు. నల్లగొండలో ఇంటి ముందు తులసి కోట దగ్గర దీపాలు పెట్టి పైకి చూస్తే చంద్రుడు తూర్పున ఉన్నాడు. బైనాక్యులర్ తెచ్చి చూశాను. చంద్రుడి వెలుగులో మునిగిపోయి, కృత్తిక చుక్కలు పక్కనే ఉన్నాయి! పౌర్ణమి నాడు చంద్రుడు ఏ నక్షత్రం దగ్గర ఉంటే ఆ నెలకు ఆ పేరు అని పిల్లలకు పాఠం చెప్పినదాన్నే, కళ్లారా చూడడం అదే మొదలు. ఆ తర్వాత పౌర్ణములు కూడా వదల్లేదు. డిసెంబర్‌లో మార్గశిర పౌర్ణమికి చంద్రుడు వేటగాడికి పైన, గురుగ్రహం పక్కన ఉన్నాడు. ఏప్రిల్‌లో చైత్ర పౌర్ణమి నాటికి చిత్త దగ్గరికి వచ్చాడు. క్యాలెండర్‌లో రోజూ చూసే పేర్లన్నీ ఒక్కొక్కటే పైన తమ చోటు చూపించడం మొదలుపెట్టాయి.

డిసెంబర్ 1 అమావాస్య ఫెంగల్ తుఫాను మబ్బులకు పోయింది. మళ్లీ నెల ఆగాలి. టెన్షన్ అని కాదు గానీ, రోజూ సాయంత్రం మబ్బుల ఫొటోలు చూసుకుంటూ ఉండేదాన్ని. క్రిస్మస్ సెలవుల్లో, డిసెంబర్ 28 శనివారం రాత్రి, ఈసారి డాబా కాదని బాపుతో బాయి కాడికి వెళ్లాను. ఊరికి కిలోమీటరు దూరం. మోటరు దగ్గర బల్బు ఆర్పేస్తే ఇక దక్షిణం వైపు ఏ వెలుతురూ లేదు. అటు గుట్టలు, వాటి అవతల కృష్ణ, ఇంకా అవతల నల్లమల. మన ప్రాంతానికి ఉన్న పెద్ద ఆస్తి ఈ దక్షిణపు చీకటి. నల్లమలలోకే వెళ్తే ఇంకా చీకటి ఉంటుంది కదా అని అడిగేవాళ్లుంటారు. మన్ననూరు దగ్గర రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేటు వేస్తారు, అది పులుల అడవి. దాని జోలికి పోవద్దు, అవసరం కూడా లేదు.

చలి బాగా ఉంది. బాపు గొంగడి కప్పుకున్నాడు, నాకు రెండు స్వెటర్లు కూడా చాలలేదు. పది దాటాక మంచు పడి నా కాగితం మెత్తబడి చిరిగింది, బైనాక్యులర్ అద్దాలు మసకబారాయి. అప్పటినుంచి పటాన్ని ప్లాస్టిక్ కవర్‌లో పెడుతున్నాను, వాడనప్పుడు బైనాక్యులర్‌ను స్వెటర్ లోపల పెట్టుకుంటున్నాను.

ఆ రాత్రే రోడ్డు మీద బండి ఆగింది. టార్చిలైట్లు పొలంలోకి వచ్చాయి. ముగ్గురు మనుషులు, ఒకరి చేతిలో కర్ర. "ఎవలు గాడ?" అని కేక. నాకు చేతులు వణికాయి. బాపు లేచి తన పేరు చెప్పి, "మా బిడ్డ చుక్కలు చూస్తుంది" అన్నాడు. వాళ్లు నమ్మలేదు. మా వైపు గుట్టల్లో, పాత గుళ్ల దగ్గర గుప్తనిధుల కోసం తవ్వేవాళ్ల భయం ఎక్కువ. రాత్రిపూట ఎర్ర లైటు, పక్కన స్టాండు కనపడితే ఎవరికైనా అదే అనుమానం వస్తుంది. బైనాక్యులర్‌ను స్టాండుకు బిగించి గురుగ్రహం వైపు పెట్టి, "మీరే చూడండన్నా" అన్నాను. కర్ర పట్టుకున్నాయన వంగి చూశాడు. గురుడి పక్కన వరుసగా సన్నటి చుక్కలు, దాని చంద్రులు. గెలీలియో 1610లో చూసినవి అవే. "గివి తిరుగుతయా దాని సుట్టు?" అని అడిగాడు. రేపు ఇదే వేళకు చూస్తే చోటు మారి ఉంటాయని చెప్పాను. మర్నాడు రాత్రి ఆయన నిజంగానే వచ్చాడు, కొడుకును వెంటబెట్టుకుని. అయితే అందరికీ ఇంత మంచిగా జరగాలని లేదు. కాబట్టి పొలానికి వెళ్లే ముందు చుట్టుపక్కల రైతులకు ముందే చెప్పండి. ఒంటరిగా వెళ్లకండి. ఆడవాళ్లు అసలే వెళ్లకండి అని నేను అనను, నేనే వెళ్తున్నాను కదా. తెలిసిన పొలం, తెలిసిన మనిషి తోడు ఉండాలి. కాళ్లకు బూట్లు ఉండాలి, పాములకే కాదు, అడవి పందుల కోసం లాగిన తీగలకు కూడా.

జనవరిలో గ్రహాలన్నీ వరుసలోకి వస్తున్నాయని ఒకటే హడావిడి. సంక్రాంతికి ఊళ్లో పిల్లలకు పడమర శుక్రుడు, శని, నెత్తిమీద గురుడు, తూర్పున ఎర్రగా కుజుడు చూపించాను. గ్రహాలు ఎప్పుడూ ఆకాశంలో ఒకే బాట మీద నడుస్తాయి, అందుకని వరుసగా కనపడడంలో వింత లేదు. ఒకేసారి నాలుగు కనపడడమే పండగ. ఇంతకన్నా జనవరి గురించి చెప్పేది లేదు.

ఇక శివరాత్రి. 2025లో ఫిబ్రవరి 26, బుధవారం. మాఘ బహుళ చతుర్దశి, అంటే అమావాస్య ముందు రాత్రి. తెల్లవారుజాము దాకా చంద్రుడు రాడు. ఊరంతా మేలుకునే ఉంటుంది, బయట తిరిగితే ఎవరూ ఏమీ అనరు. చుక్కలు నేర్చుకునేవాళ్లకు ఏడాదిలో ఇంతకన్నా మంచి రాత్రి లేదని నా నమ్మకం. చలి తగ్గి ఉంటుంది, ఇంకా ఎండాకాలపు దుమ్ము లేవదు. మా ఆయన, చిన్నోడు కూడా వచ్చారు. గుళ్లో దర్శనం చేసుకుని, ఉడకబెట్టిన కందగడ్డలు తిని ఏడున్నరకు బాయి కాడ ఉన్నాం. దూరంగా గుడి మైకులో భజన వినపడుతూనే ఉంది.

చీకటి పడగానే పడమర శుక్రుడు. ఎంత వెలుగంటే బాయి గోడ మీద నీడ పడుతుందేమోనని చిన్నోడు చెయ్యి అడ్డం పెట్టి చూశాడు. ఎనిమిదింబావుకు దక్షిణాన అగస్త్య నక్షత్రం సరిగ్గా నడుమకు వచ్చింది, నేల అంచు నుంచి రెండు పిడికిళ్ల ఎత్తులో. ప్రకాశంలో సిరియస్ తర్వాతది ఇదే. ఐరోపాలో చాలా దేశాలవాళ్లకు ఇది అసలు కనపడదు, వాళ్ల పుస్తకాలు చదివి నేర్చుకుంటే మనం దీన్ని వదిలేస్తాం. వేటగాడి నడుము కింద కత్తిలా వేలాడే చుక్కల్లో మధ్యది బైనాక్యులర్‌లో చూస్తే మబ్బు తునకలా ఉంటుంది. అక్కడ కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి. దాని దూరం దాదాపు 1,300 కాంతి సంవత్సరాలు.

తొమ్మిదిన్నర, పది మధ్య ఈశాన్యంలో సప్తర్షులు పైకి వచ్చారు. తోకలో చివరి నుంచి రెండోది వశిష్ఠుడు. పక్కనే అతుక్కున్నట్టు సన్నటి చుక్క అరుంధతి. మా పెళ్లి ముహూర్తం పగలు పదకొండింటికి. పంతులుగారు మండపం బయటికి తీసుకొచ్చి, తెల్లటి ఆకాశంలోకి వేలు చూపించి "అరుంధతీ దర్శనం చేయండి" అంటే ఇద్దరం దండం పెట్టాం. పన్నెండేళ్ల తర్వాత, ఆ రాత్రి, నేను మా ఆయనకు వేలుతో చూపించాను. మొదట రెండు కనపడలేదన్నారు. కాసేపు చూపు నిలిపి, "ఆ... ఉంది, పైన చిన్నగా" అన్నారు. తర్వాత చాలాసేపు బైనాక్యులర్ ఇవ్వలేదు. మాటల్లేకుండా పక్కపక్కన నిల్చున్నాం. నాకు కళ్లు చెమర్చాయి. ఈ ఏడాది మొత్తంలో ఒక్క నిమిషం దాచుకోమంటే అదే దాచుకుంటాను.

అర్ధరాత్రికి మఖ నడినెత్తిన. ఉపవాసం, పైగా మెడ పైకెత్తి చూడడం, ఒంటిగంటకు ఒళ్లు తూలింది. నిలబడి చూడడం ఎవరివల్లా కాదు, నులక మంచం మీద వెల్లకిలా పడుకుని చూడాల్సిందే. మోచేతులు మంచం పట్టీలకు ఆనించుకుంటే బైనాక్యులర్ వణకదు. చిన్నోడు నిద్రపోయాడు. రెండున్నరకు దక్షిణాన త్రిశంకు నిటారుగా నిలబడింది, నాలుగు చుక్కల చిన్న గాలిపటంలా. అడుగు చుక్క నేలకు ఒక పిడికిలి ఎత్తులో ఉంటుంది, చెట్లు అడ్డం ఉంటే కనపడదు. తెల్లవారుజామున దానికి ఎడమ పక్కన జంటగా రెండు పెద్ద చుక్కలు పైకి వచ్చాయి. అందులో ఎడమది ఆల్ఫా సెంటారీ. ఉత్త కంటికి కనపడే నక్షత్రాల్లో సూర్యుడి తర్వాత మనకు అన్నిటికన్నా దగ్గరిది అదే, నాలుగు కాంతి సంవత్సరాల పైన. నాలుగున్నరకు ఆగ్నేయంలో వృశ్చికం పూర్తిగా లేచింది, నడుమ ఎర్రగా జ్యేష్ఠ. తేలు తోక పక్క నుంచి పాలపుంత పొగలా పైకి పాకింది. అక్కడే మన పాలపుంత నడిబొడ్డు ఉందని చెప్తే బాపు గొంగడిలోంచి లేచి కూర్చుని, "సుక్కలు ఇన్ని ఉంటయా" అన్నాడు. డెబ్బై ఏళ్లు ఈ ఆకాశం కిందే బతికిన మనిషి ఆ మాట అన్నాడు.

ఐదున్నరకు తెల్లబారింది. మర్నాడు 27న ఉపాధ్యాయ ఎమ్మెల్సీ పోలింగ్. పొద్దున బస్సెక్కి, ఓటేసి, అప్పుడు పడుకున్నాను.

ఒకే రాత్రి కూర్చుంటే ఐదారు నెలల ఆకాశం వరసగా కళ్ల ముందు నుంచి పోతుంది. అప్పటిదాకా విడివిడిగా నేర్చుకున్నవి ఆ రోజు కలిశాయి. ఏప్రిల్ 26 రాత్రికి త్రిశంకును చూడడానికి మేలుకోవాల్సిన పని లేదు, పది గంటలకే దక్షిణాన ఉంది. పదకొండు దాటాక దానికి పైన, రెండున్నర పిడికిళ్ల ఎత్తులో బైనాక్యులర్‌తో ఒమేగా సెంటారీ పట్టుకున్నాను. గుండ్రటి దూది ముద్దలా కనపడేది కోటి దాకా నక్షత్రాల గుంపు. సప్తర్షుల తోక వంపు వెంట జారితే స్వాతి, ఇంకా జారితే చిత్త. దసరాకు పేరు తెలియక నిలబడి చూసిన స్వాతిని ఇప్పుడు ఏ నెలలో అడిగినా చూపిస్తాను. దుమ్ము, వేడి మాత్రం చికాకు. రాత్రి పదకొండుకు కూడా నేల సెగ కొడుతుంది.

మే చివర బాపు అడిగాడు: "రోహిణి కార్తె వచ్చింది గద, రోహిణి చుక్క చూపియ్యి." చూపించలేకపోయాను. ఏప్రిల్ నుంచి రోహిణి రోజురోజుకూ పడమరకు దిగుతూ, మే నడుమకల్లా సంధ్య వెలుతురులో మునిగిపోయింది. కాగితం మీద గీసి చూస్తే విషయం బోధపడింది. కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రం దగ్గర ఉన్న రోజులు. సూర్యుడు పక్కన ఉన్నప్పుడు ఆ చుక్క ఎలా కనపడుతుంది? రోహిణి కార్తెలో రోహిణి, జూన్ 8 ప్రాంతంలో మొదలయ్యే మృగశిర కార్తెలో మృగశిర, ఏదీ కనపడదు. మన రైతులు విత్తనాలకు లెక్కపెట్టే కార్తెలు ఆకాశంలో సూర్యుడి నడక. చెప్పగానే బాపు ఎగిరి గంతేయలేదు. "మరి గందుకే మా తాత పొద్దుగాల లేసి సూసెటోడు" అన్నాడు. కార్తె దాటాక కొన్నాళ్లకు అదే చుక్క తెల్లవారుజామున తూర్పున మళ్లీ తేలుతుంది.

తర్వాత వానలు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఎదురుచూపే. మధ్యలో రాత్రి రెండింటికి మబ్బు విడిచిన గంటలు దొరికాయి గానీ అవి లెక్కలోకి రావు. ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైన భాగం ఇదే. చలి కాదు, నిద్ర కాదు. చాలామంది ఇక్కడే వదిలేస్తారని సార్ ముందే చెప్పారు. నేను ఆ నెలల్లో నోటుబుక్కులో గీసుకున్న పటాలన్నీ శుభ్రంగా మళ్లీ గీశాను.

సెప్టెంబర్ 7న సంపూర్ణ చంద్రగ్రహణం, హైదరాబాద్‌లో వినాయక నిమజ్జనం అయిన మర్నాడే. నల్లగొండలో మా డాబా మీద. పంచాంగం స్పర్శ కాలం రాత్రి 9:57 అని రాసింది, సరిగ్గా అప్పుడే అంచు నల్లబడింది. పదకొండుకు మొత్తం మునిగింది. మబ్బులు వస్తూ పోతూ ఏడిపించాయి. ఒక పది నిమిషాలు పూర్తిగా విడిచినప్పుడు చంద్రుడు ఇటుక రంగులో ఉన్నాడు, చుట్టూ అప్పటిదాకా కనపడని చుక్కలు తేలాయి, కొంచెం తూర్పుగా శని. అత్తమ్మ ఆరింటికే వంట ముగించి, పచ్చళ్ల జాడీల మీద దర్భలు వేసి లోపల కూర్చుంది. 1:26కు విడుపు, ఆ తర్వాత స్నానం కాబట్టి ఎలాగూ మేలుకునే ఉంది. బాపుకు ఫోన్ చేస్తే 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం గుర్తు చేసుకున్నాడు. మధ్యాహ్నం మూడున్నర దాటాక చీకటై కోళ్లు గూటికి చేరాయట, ఊళ్లో అందరూ తలుపులు వేసుకున్నారట. అదే గ్రహణాన్ని చూడడానికి శాస్త్రవేత్తలు మన పక్కనే రంగారెడ్డి జిల్లాలో ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ల జపాల్–రంగాపూర్ అబ్జర్వేటరీకి వచ్చారు. బాపు తలుపు సందులోంచి కూడా చూడలేదట. "ఇగ జూడలేను గద" అన్న మాట మనసులో ఉండిపోయింది. ఈసారి మాత్రం ఊళ్లో మంచం బయటేసుకుని, మబ్బుల సందులోంచి ఎర్ర చంద్రుణ్ణి చూశానని చెప్పాడు.

ఖర్చు లెక్క అడుగుతారు కాబట్టి: బైనాక్యులర్ 6,400, ట్రైపాడ్ 1,900, దాన్ని బిగించే ముక్క 550. మిగతాదంతా టీ, దోమల క్రీము. టెలిస్కోప్ ఇంకా కొనలేదు. ఆరంగుళాల డాబ్సోనియన్ ధరలు చూస్తున్నాను, వేసవి లోపల తీసుకుంటాను.

ఇది 2025 నవంబర్, కృత్తిక మళ్లీ తూర్పున ఉంది. మొదలుపెట్టేవాళ్లకు ఇదే సరైన వేళ. డిసెంబర్ 13, 14 రాత్రుల్లో జెమినిడ్ ఉల్కలు రాలతాయి, ఈసారి అర్ధరాత్రి దాటేదాకా చంద్రుడు లేడు. 2026 మార్చి 3న, హోలీ పున్నమి నాడు, ఇంకో చంద్రగ్రహణం ఉంది. సంపూర్ణ దశ మనకు చంద్రుడు లేవకముందే అయిపోతుంది. చంద్రోదయం నుంచి 6:47 దాకా, ఇరవై నిమిషాలు కాస్త అటూఇటూగా, అంచు కొరికినట్టున్న చంద్రుడు తూర్పున కనిపిస్తాడు. తూర్పు వైపు చెట్టూ గుట్టా అడ్డం లేని చోటు ఇప్పుడే చూసిపెట్టుకోండి. మేము బాయి కాడ గట్టు మీద చూస్తాం, బాపు అక్కడి తుమ్మ కొమ్మలు కొట్టేస్తానన్నాడు.